ఆ పుస్తకంలో దొంగ దొరకలేదు

మా మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఒక పాత మిద్దెలో ఉండేది. అనంతపురం జిల్లాలో పాత మిద్దె అంటే తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కింద బండలు, పైన దూలాలు, గట్టి వానొస్తే ఒక మూల కారుతుంది. పెద్దవాళ్ళు పేపర్ల బల్ల చుట్టూ కూర్చుంటే పిల్లలం బీరువా కింది అర దగ్గర నేల మీద కూర్చునేవాళ్ళం. 1989 ఎండాకాలం సెలవుల్లో ఆ అరలో నాకు అట్ట లేని పుస్తకం ఒకటి దొరికింది. మొదటి 16 పేజీలు లేవు. కాబట్టి దానికి పేరూ లేదు, రాసినాయన పేరూ లేదు, తెలుగు చేసినాయన పేరూ లేదు. ఇద్దరు తెల్లవాళ్ళు ఎద్దుల బండి కట్టుకుని దక్షిణాఫ్రికా లోపలి సీమకు వేటకు పోయే కథ.

ఎద్దుల బండి అనగానే నాకు తెలిసిన లోకమే అనిపించింది. తీరా చూస్తే ఆ బండికి 16 ఎద్దులు! మా ఇంట్లో ఉన్నవి రెండు. వాటికి మేత చాలక మా నాయన పడే అవస్థ రోజూ చూస్తున్న నాకు, 16 ఎద్దులకు దారి పొడవునా గడ్డి దొరికే దేశం ఒకటి ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. ఏనుగుల వేట కోసం కాదు, ఆ గడ్డి కోసమే ఆ పుస్తకం మూడుసార్లు చదివాను.

అందులో చాలా మాటలు అర్థం కాలేదు. క్రాల్, వెల్డ్, కోప్జే, ఇండూనా, అస్సెగాయ్ అని తెలుగు చేసినాయన ఉన్నవి ఉన్నట్టే వదిలేశాడు. కింద వివరణ లేదు. ఇప్పుడైతే ఫోన్ తీసి అరనిమిషంలో చూసేస్తాం. అప్పట్లో మా ఊళ్ళో నిఘంటువు ఉన్న ఇల్లే లేదు. లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో నిలువుగా ఒక గీత గీసి, ఒక పక్క ఆ మాట, ఇంకో పక్క నాకు తోచిన అర్థం రాసుకున్నాను. కథ ముందుకు పోయేకొద్దీ కొట్టేసి మళ్ళీ రాసేవాణ్ణి. క్రాల్‌కు ఎదురుగా మొదట 'ఊరు' అని ఉండేది. తర్వాత 'పశువుల దొడ్డి'. ఆ తర్వాత 'రెండూ'. ఇండూనా అంటే రాజు అనుకున్నాను. నాలుగు పేజీలు పోయాక ఆ ఇండూనా ఇంకొకాయన ముందు వంగి నిలబడ్డాడు. దాంతో 'రాజు కింద పెద్దమనిషి' అని దిద్దాను. చాలా ఏళ్ళ తర్వాత అదే సరైన అర్థమని తెలిసింది. పరీక్షలో వచ్చిన ఏ మార్కుకూ నాకు అంత సంతోషం కలగలేదు.

అన్నిట్లోకీ నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది 'దొంగా' అనే మాట. 'చీకట్లో గుర్రం తడబడి, అతను దొంగాలో పడ్డాడు' అని ఉంది. అచ్చుతప్పు, 'దొంగల చేతిలో పడ్డాడు' అని ఉండాలి అనుకున్నాను. ఇక ఆ దొంగలు ఎప్పుడు వస్తారా అని పేజీలు తిప్పుతూ పోయాను. ఎవరూ రాలేదు. పొద్దున అతని స్నేహితుడు తాడు వేసి పైకి లాగాడు. తాడెందుకు? దొంగల నుంచి విడిపించడానికి తాడుతో పనేముంది? మా చేను పక్కన వంక దగ్గర గొర్రెపిల్ల పడితే మా నాయన తాడు వేసి లాగిన రోజు నాకు వెలిగింది. వాన నీళ్ళు మట్టిని కోసుకుపోతే ఏర్పడే లోతైన గండి అది. దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా భాషల్లో 'ఉదొంగ' అనే మాట నుంచి ఇంగ్లిషులోకి వచ్చిందని పెద్దయ్యాక చదివాను. ఆ రోజు మాత్రం నోటుబుక్కులో 'మట్టిని ఎత్తుకుపోతుంది కాబట్టి దొంగ' అని రాసుకున్నాను. మా చేనులో ప్రతి ఏడాదీ గట్టు తెగి మట్టి కొట్టుకుపోయేది. ఆ అర్థం తప్పని ఇప్పటికీ నాకు అనిపించదు.

ఏడో తరగతి సోషల్ పాఠంలో మళ్ళీ ఆ దేశం ఎదురైంది. గడ్డి మైదానాల పేర్లు: ప్రెయిరీలు, పంపాలు, స్టెప్పీలు, వెల్డులు, డౌన్లు. నా వయసువాళ్ళందరికీ ఈ వరస గుర్తుండే ఉంటుంది. క్లాసులో అందరూ బట్టీ పట్టారు. నాకు మాత్రం వెల్డు దగ్గరికి రాగానే ఆ 16 ఎద్దులు కనిపించేవి. మా సోషల్ సారు మంచివాడు. నా ప్రశ్నలకు విసుక్కోకుండా ఇంటి నుంచి అట్లాసు తెచ్చి ఇచ్చాడు. ఆ పటంలో కేప్‌టౌన్‌కు పైన 'గ్రేట్ కరూ' అని ఉంది. సారూ, అక్కడ కూడా కరువుందా అని అడిగాను. చదివి చూస్తే నిజంగానే అది ఎండిన నేల, వాన తక్కువ. ఇంకేం, అది మన మాటే, మనవాళ్ళెవరో అక్కడికి పోయి పెట్టారని గట్టిగా నమ్మాను. ఖోయ్ ప్రజల భాషలో ఎండిన నేల అనే అర్థం నుంచి ఆ పేరు వచ్చిందనీ, మన కరువుతో దానికి చుట్టరికం లేదనీ కాలేజీలో తెలిసింది. దూరపు బంధువు ఒకరు తగ్గిపోయినట్టు ఆ రోజు మనసుకు వెలితిగా అనిపించింది.

ఆ విద్యా సంవత్సరంలోనే, 1990 ఫిబ్రవరిలో, పొద్దున రేడియో వార్తల్లో నెల్సన్ మండేలా విడుదల సంగతి వచ్చింది. మా నాయన ఎద్దులకు నీళ్ళు పెడుతున్నవాడు ఆగి, 'ఇరవై ఏడేండ్లా!' అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ రోజు నా పట్టికలో 'వర్ణవివక్ష' చేరింది. అది తెలుగు మాటే, అయినా నాకు కొత్తది. అట్ట లేని నా పుస్తకంలో నల్లవాళ్ళు మోతలు మోసేవాళ్ళుగా, దారి చూపేవాళ్ళుగా తప్ప కనిపించరు. ఒక్కరికీ ఇల్లూ పిల్లలూ ఉన్నట్టు రాయలేదు. ఆ సంగతి నాకు అప్పుడే మొదటిసారి తట్టింది. పుస్తకం మీద ప్రేమ పోలేదు కానీ, అందులో చెప్పనిది ఏదో చాలా ఉందని అర్థమైంది.

2001లో నా ఎమ్మెస్సీ థీసిస్ పని కోసం పటాన్‌చెరులో ఇక్రిశాట్‌కు వెళ్ళాను. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఆ సంస్థకు జింబాబ్వేలో బులవాయో దగ్గర మటోపోస్‌లో కూడా కేంద్రం ఉంది. అటు నుంచి శిక్షణకు వచ్చిన ఒకాయన నాకు పరిచయమయ్యాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఊరు మస్వింగో వైపు, మాతృభాష షోనా. వాళ్ళమ్మది బులవాయో వైపు, ఆవిడ భాష ఎండెబెలె. షోనాలో అన్నను 'ముకోమా' అంటారని చెప్పాడు. అప్పటినుంచి ఆయన నాకు ముకోమాయే. ఇక్కడా అలాగే రాస్తాను.

పరిచయమైన వారానికే నేను ఒక పొరపాటు చేశాను. అది రాయకుండా ఈ జ్ఞాపకం పూర్తి కాదు.

జొన్న గురించి చదివిన ప్రతి వ్యవసాయ విద్యార్థికీ ఐదు తెగల పేర్లు నోటికి వస్తాయి. హార్లన్, డి వెట్ అనే శాస్త్రవేత్తలు 1972లో చేసిన విభజన అది. బైకలర్, గినియా, కౌడేటమ్, కాఫిర్, దుర్రా. మన దేశపు మొదటి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1, 1964లో విడుదలైంది. దాని తల్లి రకం సీకే 60. ఆ 'కే' అక్షరానికి అర్థం కూడా నాలుగో పేరే. టీ తాగుతూ, మా సీమలో పండే జొన్నకూ మీ దేశపు జొన్నకూ సంబంధం ఉంది తెలుసా అని నేను ఆయనతో ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను. ఆ నాలుగో పేరు నోటి నుంచి రెండుసార్లు వచ్చింది. ఆయన కప్పు బల్ల మీద పెట్టేశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

'ఆ మాట నీకు ఎవరు నేర్పారు?' అని అడిగాడు. పుస్తకంలో ఉందని చెప్పాను. అప్పుడు నెమ్మదిగా వివరించాడు. అరబ్బీలో అవిశ్వాసి అనే అర్థమున్న మాట. సముద్రం మీద వచ్చినవాళ్ళ నోళ్ళలో పడి, చివరకు తెల్ల భూస్వాములు నల్లవాళ్ళందరినీ పిలిచే తిట్టయింది. 'మా నాన్న ఒక తెల్లదొర పొలంలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఆయనకు పేరుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఈ మాటతోనే పిలిచేవాళ్ళు.' నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. క్షమించమని అడిగాను. నీ తప్పు కాదు, నీ పుస్తకంలో ఆ సంగతి రాయలేదు, అంతే అన్నాడు. ఇవాళ దక్షిణాఫ్రికాలో ఆ మాట అంటే కోర్టు దాకా పోతుంది. 2018లో అక్కడ ఒకావిడకు జైలుశిక్ష కూడా పడింది. జొన్న పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు నేను ఆ పేరు దగ్గర ఆగి, ఈ కథ చెప్పి, అప్పుడే ముందుకు పోతాను.

మరుసటి రోజు సాయంత్రం ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. 'డర్బన్‌లో మీ భారతీయులను తిట్టడానికి కూలీ అంటారు. అది మీ భాషలోదేనా?' అని అడిగాడు. ఈసారి మౌనం నా వంతయింది. మా అవ్వ పొద్దున లేస్తే 'ఈ పొద్దు కూలికి పోతా' అనేది. కూలి అంటే పని చేసి తెచ్చుకున్న డబ్బు, కష్టార్జితం. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? అదే మాటతో అక్కడ గాంధీగారిని 'కూలీ బారిస్టర్' అన్నారు. మద్రాసు రేవులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద పోయిన మొదటి భారతీయులు అందులో ఉన్నారు. ఆ ఏడాది మొదలు 1911 దాకా అలా సుమారు లక్షన్నర మంది పోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ చాలామంది. 1931లో వాళ్ళ వారసులు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. కరూ మనవాళ్ళు పెట్టిన పేరని చిన్నప్పుడు అనుకున్నాను. మనవాళ్ళు అక్కడికి మోసుకుపోయిన మాట నిజంగానే ఒకటుంది. అది తిట్టుగా మారింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

ఆ రెండు సాయంత్రాల తర్వాత మా మధ్య దాపరికం పోయింది. నా పాత పట్టికలోని మాటలన్నీ ఆయన ముందు పెట్టాను. చాలావాటికి ఆయన తల అడ్డంగా ఊపాడు. క్రాల్ మాది కాదు, పోర్చుగీసువాళ్ళది, డచ్చివాళ్ళ నోట అలా మారింది అన్నాడు. అస్సెగాయ్ అంటే ఈటె, అదీ బయటి నుంచి వచ్చిందే. వెల్డ్ డచ్చివాళ్ళ సంతతి మాట, 'ఫెల్ట్' అని పలకాలి. కోప్జే అని రాస్తారు కానీ 'కాపి' అనాలి, అంటే గుట్ట. ఇండూనా, దొంగా రెండే నిజంగా అక్కడి మాటలు. పన్నెండేళ్ళు నేను ఆఫ్రికా మాటలని దాచుకున్నవాటిలో ఎక్కువ భాగం అక్కడికి వచ్చినవాళ్ళ మాటలే!

దానికి బదులు ఆయన తన మాటలు ఇచ్చాడు. పశువుల దొడ్డి 'దంగ'. సొంత ఊరు 'ముష'. హరారేలో ఎంత పెద్ద ఉద్యోగం చేసినా, సెలవు రాగానే అందరూ 'కుముష' పోతున్నా అంటారట. ఊరికి పోతున్నా అని. సంక్రాంతికి హైదరాబాద్ బస్టాండులో వినిపించే మాటే కదా ఇది! జింబాబ్వే అనే పేరు కూడా రాతి ఇళ్ళు అనే అర్థం నుంచే. మస్వింగో దగ్గర 11 నుంచి 15వ శతాబ్దాల మధ్య సున్నం, మట్టి ఏదీ పెట్టకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన నగరం ఇప్పటికీ ఉంది. కొన్ని చోట్ల గోడ 11 మీటర్ల ఎత్తు. మనిషి 'మున్హు', మనుషులు 'వన్హు', మనిషితనం 'ఉన్హు'. మన భాషలో మాట తోక మారుతుంది, వాళ్ళ భాషలో తల మారుతుంది. ఈ 'ఉన్హు'కే జులూలో ఉబుంటు అని పేరు. నాలుగైదేళ్ళ తర్వాత ఉబుంటు సాఫ్ట్‌వేర్ సీడీలు ఉచితంగా పోస్టులో వచ్చే రోజుల్లో, మా ఆఫీసు కుర్రాడు ఆ కవరు చూపించి ఇదేం పేరు సార్ అంటే, నేను అతనికి అరగంట చెప్పాను.

జూన్‌లో ముకోమాను మా ఊరికి తీసుకుపోయాను. రాత్రి కాచిగూడలో రైలెక్కాం. తెల్లవారేసరికి గుత్తి. కిటికీలోంచి బండరాళ్ళ గుట్టలు కనిపించగానే ఆయన లేచి నిలబడ్డాడు. గుండ్రని రాయి మీద రాయి, పడబోతూ ఆగినట్టు. 'మటోపోస్‌లో దిగినట్టుంది' అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఇంటి బెంగ వినిపించింది. వచ్చి నాలుగు నెలలయింది మరి.

మా అవ్వకు అప్పటికి డెబ్బై దాటాయి. చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి మొదట అడిగింది, 'మీరు ఏ ఇంటోళ్ళు నాయనా?' అని. నేను అనువదించాను. ఆయనకు ఆ ప్రశ్న కొత్తగా అనిపించలేదు. షోనావాళ్ళకు 'ముతుపో' అని ఒకటుంటుంది. సింహం, కోతి, ఏనుగు, ఇలా ఒక్కో వంశానికి ఒకటి. ఆయనది 'మోయో', అంటే గుండె. ఆ వంశంవాళ్ళు జంతువు గుండెకాయ తినరు. ఒకే ముతుపో ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకోరు. అవ్వ శ్రద్ధగా విని, 'అంతే కదా మరి, ఒకే ఇంటోళ్ళు అన్నాచెల్లెండ్లు' అంది. ఆ రోజు నుంచి ఆయన మా ఇంట్లో గుండె ఇంటోళ్ళ పిల్లోడు.

మధ్యాహ్నం సంగటి. అవ్వ ఎసట్లో నూకలు ఉడికాక రాగిపిండి పోసి, కుండను కాళ్ళతో అదిమిపట్టి కట్టెతో కెలుకుతుంటే ఆయన వంటింటి గడప దగ్గరే నిలబడిపోయాడు. 'మా అమ్మ' అని మాత్రం అన్నాడు. వాళ్ళ 'సద్జా' ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న పిండితో చేస్తారు. పాతకాలంలో జొన్న, సజ్జ, రాగి. రాగిని జింబాబ్వేలో రపోకో అంటారు. కెలికే కట్టె పేరు 'ముగోతి'. నేను చదువుకున్న శాస్త్రం ప్రకారం రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండలు. వేల ఏళ్ళ కిందట సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. ఆ సంగతి చెబితే అవ్వ ఒప్పుకోలేదు. రాగులు మనవే అంది. ముకోమా కూడా అవ్వ పక్షమే తీసుకున్నాడు.

ఆకులో సంగటి ముద్ద, పక్కన చెనక్కాయల ఊరుబిండి. ఆయన కొంచెం తుంచి, అరచేతిలో ఉండ చేసి, బొటనవేలితో గుంట పెట్టి, ఊరుబిండి అద్దుకుని నోట్లో వేసుకున్నాడు. మేము చేసేదీ అంతే. తేడా ఒక్కచోటే వచ్చింది. 'ఆ పిల్లోడు నమిలి తింటాండాడే! మింగమని చెప్పు' అంది అవ్వ. వాళ్ళ ఊళ్ళో ఆకుకూరను వేరుశనగ ముద్దతో కలిపి వండుతారట, ఆ ముద్ద పేరు 'దోవి'. ఊరుబిండి రుచి చూసి ఆయన దోవి, దోవి అంటుంటే, మా అమ్మ ఇంకా కావాలంటున్నాడేమో అనుకుని మళ్ళీ వడ్డించింది.

సాయంత్రం అరుగు మీద కబుర్లు. పెళ్ళి మాట వచ్చింది. వాళ్ళలో మగపెళ్ళివారే ఆడపిల్ల ఇంటికి పశువులు ఇవ్వాలి. షోనాలో 'రూర', జులూ, ఎండెబెలెల్లో 'లొబోల'. నేను చదివిన పుస్తకాలు దాన్ని పిల్లను కొనడంగా రాశాయి. ఆయన అలా అనడానికి ఒప్పుకోలేదు. పశువులు అటు పోవడంతో రెండిళ్ళ మధ్య తెగని లెక్క మొదలవుతుంది, ఆ లెక్కే చుట్టరికం అన్నాడు. పిల్ల తల్లికి విడిగా ఒక ఆవు ఇవ్వాలి, ఆ ఆవు లేకుండా పెళ్ళి పూర్తి కాదు అని కూడా చెప్పాడు. అవ్వ చటుక్కున, 'మా కాలంలో మాకూ ఓలి ఇచ్చేటోళ్ళు. ఈ కట్నాలు నడమన వచ్చినాయి. తల్లికి ఒక ఆవా? అది న్యాయం నాయనా, అది న్యాయం' అంది. రెండుసార్లు అంది.

మా తాత పేరు వెంకటేశ్వర్లు. అవ్వ ఆ పేరు పలకదు. తిరుపతి దేవుణ్ణి కూడా ఏడుకొండలవాడనే అంటుంది. ఇది చెప్పగానే ముకోమా, 'మా అమ్మవైపు దీన్ని హ్లోనిఫ అంటారు' అన్నాడు. ఎండెబెలె, జులూ, ఖోసా కోడళ్ళు మామగారి పేరు పలకరు. అంతటితో ఆగదు. ఆ పేరులోని అక్షరాలు ఇంకే మాటలో వచ్చినా ఆ మాట మార్చి పలుకుతారు. అలా కోడళ్ళకు విడిగా ఒక మాటల సంచే తయారైంది. ఆ భాషల్లో నాలుకతో టక్కుమనిపించే ధ్వనులు ఖోయ్, శాన్ ప్రజల భాషల నుంచి వచ్చాయి. అవి రావడానికి ఈ కోడళ్ళ అలవాటే కారణమని కొందరు భాషావేత్తల అభిప్రాయం. నాకు ఆ ఊహ చాలా నచ్చుతుంది. ఇంటికొచ్చిన కోడళ్ళు గౌరవం కోసం మాట మార్చి మార్చి, భాష గొంతునే మార్చేశారు.

ఆ ధ్వనులు ఎలా ఉంటాయో ఆయన చేసి చూపించాడు. రాతలో సీ, క్యూ, ఎక్స్ అక్షరాలతో రాసేవి మూడు. మొదటిది, ఎవరికైనా కష్టమొచ్చిందంటే అవ్వ నాలుకను పళ్ళకు ఆనించి చేసే ధ్వని. రెండోది, పసిపిల్లలను నవ్వించడానికి గుర్రం డెక్కల చప్పుడు చేస్తామే, అది. మూడోది, మా నాయన ఎద్దులను అదిలించడానికి దవడ పక్కన చేసేది. అవ్వ మూడూ వెంటనే చేసేసింది. మేం ఎద్దులతో, చంటిపిల్లలతో మాత్రమే వాడేవి, అక్కడ మాటల్లో అక్షరాలు! ముకోమా ఆమె చెయ్యి పట్టుకుని, 'మీ అవ్వకు మా అమ్మ భాష సగం వచ్చు' అన్నాడు.

అప్పటికి పడమట మబ్బు పట్టింది. చెనక్కాయ విత్తనాలు ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి, పదునుకు సరిపడా ఒక్క వాన కోసం ఊరంతా చూస్తోంది. వాన రాకపోతే మీరేం చేస్తారని ఆయన అడిగాడు. విరాటపర్వం చదివిస్తామని మా నాయన చెప్పాడు. వాళ్ళు రపోకోతో బీరు కాచి పెద్దలకు నివేదిస్తారట, ఆ మొక్కుకు 'ముక్వెరెర' అని పేరు. షోనాలో వాన 'మ్వుర', ఎండెబెలెలో 'ఇమ్వుల', పక్క దేశం బోత్సువానాలో 'పూల'. మా పక్కన కన్నడంవాళ్ళు మళె అంటే తమిళులు మళై అన్నట్టే. బోత్సువానాలో సభల్లో ఉపన్యాసం చివర అందరూ 'పూల!' అని అరుస్తారు. 1976లో ఆ దేశం సొంత డబ్బు అచ్చేసుకున్నప్పుడు దానికి ఆ పేరే పెట్టుకుంది. చేతిలో ఉన్న నోటు పేరు వాన.

'ఏం పూలు నాయనా?' అని అడిగింది అవ్వ. చెప్పాను. డబ్బుకు వాన అని పేరు పెట్టుకున్నారవ్వా, ఆ ఊళ్ళో వానను పూల అంటారు. అవ్వ చాలాసేపు ఆకాశం వైపు చూసింది. 'ఎవురో తెలిసినోళ్ళే పెట్టినారు' అంది.

ఆ రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి కానీ పదును కాలేదు.

పొద్దున లేచి ముకోమా అవ్వకు షోనాలో నమస్కారం చెప్పాడు. వాళ్ళు పొద్దున 'బాగా నిద్రపోయారా' అని అడుగుతారు. దానికి జవాబు, 'మీరు నిద్రపోయుంటే నేనూ నిద్రపోయినట్టే' అని. అవ్వకు ఆ జవాబు నేర్పడానికి ప్రయత్నించాం. 'ందరార కన మరారవో.' ఆమె నోట అది తిరగలేదు. అర్థం మాత్రం ఉంచుకుంది. ఆ తర్వాత నేను ఎప్పుడు ఊరికి పోయినా, తిన్న్యావా అని అడిగితే, నువ్వు తినుంటే నేనూ తిన్నట్టే నాయనా అనేది.

జూలైలో ఆయన వెళ్ళిపోయాడు. 2002 ఇద్దరికీ చెడ్డ ఏడాది. అక్కడ కరువు, ఇక్కడ కరువు. ఈమెయిళ్ళు పొట్టిగా ఉండేవి. తర్వాత ఒక జూన్‌లో మా ఊళ్ళో మంచి వాన పడి, విత్తనం పడిన రోజు, గట్టు మీద కూర్చుని అవ్వ అడిగింది. 'ఆ గుండె ఇంటోళ్ళ పిల్లోడు ఎట్లుండాడు? వాళ్ళకు పడిందా?'

మనకు పడేటప్పుడు వాళ్ళకు పడదవ్వా, వాళ్ళకు వానాకాలం కార్తీకం వెళ్ళినాక మొదలవుతుంది అని చెప్పాను.

'అయితే మన దగ్గర అయినాక ఆడికి పోతుందన్నమాట' అంది.

నేను చదివిన వాతావరణ శాస్త్రంలో ఉన్నదీ అదే. సూర్యుడు దక్షిణాయనంలో కిందికి దిగుతుంటే వానల పట్టీ కూడా ఆయన వెంట దక్షిణానికి జరుగుతుంది. అవ్వ అన్న మాట ఉన్నదున్నట్టు ముకోమాకు రాసి పంపాను. జవాబు వెంటనే రాలేదు. డిసెంబరులో ఒక పొద్దున వచ్చింది. 'మ్వుర యనయ' అని మొదటి వాక్యం. వాన కురిసింది. దాని కింద, 'అవ్వతో చెప్పు, మీరు పంపిన వాన చేరింది.'

ఆ ఆదివారం ఊరికి పోయి, ఆ రెండు వాక్యాలూ అవ్వకు చదివి వినిపించాను.